తీసుకోని చేతులు

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావనుకుంటున్నాను. మొదట్లో ఈ మాట రాయకపోతే నా పెన్ను ముందుకు కదలదని నీకు తెలుసు.

ఈసారి ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మీ ఊరు వచ్చే బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. అలాగని ముందే ఆఖరి పేజీ తిప్పకు. కథల పుస్తకం కొనిపెడితే చివరి పేజీ చదివేసి, ‘నాన్నా, వీడు చచ్చిపోతాడు’ అని ఇంటిల్లిపాదికీ చెప్పేసే దానివి. ఇది మాత్రం వరసగా చదువు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్లు నాకంటే ముందే రిటైరయ్యాయి, నాకింకా రెండేళ్లుంది. కొత్త స్ట్రెచర్లు వచ్చాయా అన్నావు. రెండు వచ్చాయి. ఒకటి నా చేతికిచ్చారు. రెండోది సూపరింటెండెంటు గది బయట ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది, ఎవరైనా మంత్రి కళ్లు తిరిగి పడిపోతే పనికొస్తుందని కాబోలు. పాత బిల్డింగు వరండా కారుతూనే ఉంది. వాన పడితే బకెట్లకు చోటు చూశాకే మనుషులకు చూస్తాం. ఉత్తరం చివర మీ అమ్మ తన చేత్తో రెండు ముక్కలు రాయడం ఎందుకు మానేసిందని అడిగావు. కుడి చేతికి ఖాళీ లేదంది. దాని సంగతికీ వస్తాను.

ఇక నీ అసలు ప్రశ్న. నువ్వు నర్సింగు ట్రైనింగు చేస్తున్న వార్డులో తుంటి విరిగిన పెద్దాయన, ఆయన మంచం పక్కనే నేల మీద కూర్చునే ఆయన భార్య. ఆమె నోటు ఒకటి వేలెడంత మడిచి నీ అరచేతిలో పెట్టింది. ‘ఇక్కడ పనిచేసేవాళ్లకు జీతాలిస్తారమ్మా, ఇలాంటివి తీసుకోం’ అని నువ్వు అందరి ముందూ తిరిగిచ్చేశావు. ఆమె ఆ రోజంతా ఏడుస్తూ కూర్చుంది. ‘నేను అడగలేదు నాన్నా. అడగకుండా ఎందుకిచ్చింది? తిరిగిచ్చేస్తే ఎందుకేడ్చింది? నేనేం తప్పు చేశాను?’ అని రాశావు.

ముప్పై ఏళ్లుగా ఈ ఆస్పత్రిలో స్ట్రెచర్ తోస్తున్నాను. ఎందుకివ్వాలని నన్ను ఎవరూ అడగలేదు. ఎంతివ్వాలనే అడిగారు. అందుకే నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

చెయ్యి తడిపితే గానీ పని కాదంటారు. అది సగమే నిజం. మా గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా, చిన్నప్పుడు నువ్వు మీసాల మామయ్య అనేదానివి. గేటు బార్లా తీసి ఉన్నా లోపలికి వచ్చేవాళ్లు ఆయన చేతిలో ఏదో ఒకటి పెట్టే వస్తారు. ఒకసారి ఒక రైతును పట్టుకుని అడిగాను.

“గేటు తెరిచే ఉంది గదయ్యా, ఎందుకిచ్చావు?”

“మళ్లీ బయటికి రావాలిగా బాబూ,” అన్నాడు.

ఓపీ గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు, ఇక్కడ ఎవరికీ డబ్బు ఇవ్వరాదని. అంతకుముందు తెలియనివాళ్లకు కూడా ఇక్కడ ఇవ్వాలి కాబోలని ఆ బోర్డు చూశాకే తెలిసింది. సరిగ్గా దాని కిందే నిలబడి జేబులు తడుముకుంటారు. కొందరు పక్క మంచంవాళ్లు ఇచ్చారని ఇస్తారు. ఏది ఊరికే వస్తుందో, దేనికి కట్టాలో ఎవరూ చెప్పరు గనక కొందరు అన్నిటికీ ఇస్తారు. బిడ్డ పుట్టిందని సంతోషం పట్టలేక ఇచ్చేవాళ్లూ ఉన్నారు, అది తీసుకోకపోతే వాళ్ల మొహం చిన్నబోతుంది.

ఎక్కువమంది ఇచ్చేది మాత్రం వేరే దానికి. మా వార్డులో డెబ్బై మంచాలకు ఒక్క సిస్టరు. పొద్దుటి నుంచీ పరుగే. ఆమె ఒక్కసారి తమ మంచం దగ్గర ఆగాలి, తమ మనిషి పేరు గుర్తుపెట్టుకోవాలి, అంతే వాళ్లకు కావలసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. అడిగే ధైర్యం లేనివాళ్లు ఇచ్చి అడుగుతారు. మావైపు నుంచి చూస్తే ఊడ్చేవాళ్లకు కాంట్రాక్టరు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు. వాళ్లు చెయ్యి చాచడం తప్పని చెప్పడానికి నాకు నోరు రాదు. అలాగని మేం పుణ్యాత్ములమూ కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డాక్టరు రాసిన ఎక్స్‌రే మా చేతుల్లో ఆగిపోయిన రోజులున్నాయి.

ఆ ముసలామె నీ చేతిలో పెట్టింది తన భయం తల్లీ. నువ్వు దాన్ని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి వెళ్లిపోయావు. తిరిగివ్వడం తప్పు కాదు, ఎప్పుడూ తీసుకోకు. కానీ నువ్వు నిలబడి ఇచ్చావు. ఈసారి వెళ్లినప్పుడు ఆమె పక్కన కూర్చో. పెద్దాయన కట్టు చూడు, ఎన్నాళ్లకు లేచి కూర్చుంటాడో చెప్పు, ఆయన పేరు పెట్టి పిలువు. ఆమె డబ్బిచ్చి కొనుక్కుందామనుకున్నది ఊరికే ఇచ్చేసిరా.

ఆమె ఏడుపుకు ఇంకో కారణం కూడా ఉండి ఉండొచ్చు. అది చెప్పాలంటే నా గురించి చెప్పాలి.

నేనూ తీసుకున్నాను. నీకు తెలియదని కాదు, మనిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదంతే. నీ ఫీజుల్లో, నీ తెల్ల బూట్లలో ఆ డబ్బు ఉంది. మీ అమ్మకు అది ఇష్టం ఉండేది కాదు. ‘ఏడుస్తూ ఇచ్చిన డబ్బు, నా బిడ్డకు అరగదు’ అనేది. అయినా తీసి డబ్బాలో వేసేది. పాపం ఏం చేస్తుంది.

నువ్వు పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో ఒక దర్జీ తన భార్యను తీసుకొచ్చాడు. ఆమెకు పేగులు మెలిపడ్డాయి. నేను వార్డుకు వెళ్లీ వెళ్లగానే అతను నా జేబులో డబ్బు పెట్టేశాడు. నేనూ హుషారుగా, వరండా మలుపుల్లో కూడా కుదుపు లేకుండా తోసుకెళ్లాను. మధ్యాహ్నానికి ఆమె థియేటరులోనే పోయింది. నేను బయట బెంచీ మీద టీ తాగుతున్నాను. అతను వచ్చి నా ముందు నిలబడ్డాడు. కొలతల టేపు ఇంకా మెడలోనే ఉంది. డబ్బు వెనక్కి అడుగుతాడనుకుని, అప్పుడే జేబు మీద చెయ్యి వేసుకున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

“నేనిచ్చింది తక్కువైందా బాబూ?” అని అడిగాడు.

అవునని అనలేను. కాదంటే నమ్మడు. ఇంకో నోటు పెట్టి ఉంటే బతికేదేమోనని ఆ మనిషి బతికినన్నాళ్లూ అనుకుంటూనే ఉంటాడు.  ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాను, తిరిగి రానివాళ్ల దగ్గర తీసుకోకూడదని.

తిరిగి రారని నీకెలా తెలుసంటావు. కేసు షీటు మీద డాక్టరు రాసేది మాకు అర్థం కాదు గానీ మాకు తెలిసే దారులు మాకున్నాయి. ఆ రోజు ఆపరేషన్ల లిస్టులో ఆ పేరు ఆఖరున ఉంటుంది, ఎంతసేపు పడుతుందో, మధ్యలో ఏమవుతుందో చెప్పలేరు గనక. రక్తం రెండింతలు తెప్పిస్తారు. పెద్ద డాక్టరు ఇంటివాళ్లను పిలిచి, ‘ఇంకెవరైనా ఉన్నారా?’ అని అడుగుతాడు. ఈ మూడూ కలిస్తే మాలో ఎవరం చెయ్యి చాచం.

థియేటరు దగ్గర పనిచేసే తక్కెడ గుర్తున్నాడా? నోటును అరచేతిలో పెట్టుకుని బరువు చూసినట్టు ఆడిస్తాడని ఆ పేరు. నా చేతికింద పని నేర్చుకున్నవాడే. మహా ఆశపోతు. సొంత అన్నకు హెర్నియా ఆపరేషను అయితే అన్న దగ్గర కూడా తీసుకున్నాడు, బోణీ బోణీయేనని. అలాంటివాడు కూడా ఈ నియమం దగ్గర మాత్రం తలవంచాడు. వాడి నుంచి ఆయాలకు, కట్లు కట్టేవాళ్లకు, అందరికీ పాకింది. ఇప్పుడు దీన్ని ఎవరు మొదలుపెట్టారో కూడా ఎవరికీ గుర్తులేదు. ఏమీ తెలియని బంధువులు మాకు దండాలు పెడతారు, ఎంత మంచివాళ్లు బాబూ మీరు అని. కానీ కొందరు ముసలివాళ్లు మాత్రం ఈ గుట్టు ఎప్పుడో పసిగట్టేశారు. డబ్బు వెనక్కి వస్తే వాళ్లు అక్కడే ఏడుపు అందుకుంటారు. నీ ముసలామె అలాంటి చోటెక్కడైనా ఇంతకుముందు నిలబడి ఉంటుంది.

నియమం మంచి మనసుతోనే పెట్టాను తల్లీ. అది తర్వాత ఏమైందో చెబుతాను. తీసుకున్న మంచం మనకు గుర్తుంటుంది. తిన్న తర్వాత చెయ్యాలి కదా అని కాళ్లు అటే వెళ్తాయి. తీసుకోని మంచానికి ఎవరి బాధ్యతా ఉండదు. వాళ్లను చూడొద్దని మాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, మెల్లగా చూడటం మానేశాం. సెలైను సీసా అయిపోయిందని పిలిస్తే ముందు మిగతావాళ్ల పని చూసుకుని వెళ్తాం. దుప్పటి రెండు రోజులకు మారుతుంది. స్ట్రెచర్ మెల్లగా వెళ్తుంది. నా స్ట్రెచర్ కూడా. ఎప్పుడు మెల్లగా తోయడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

పోయిన ఏడు ఒకామెను అలాగే వదిలేశాం. తొమ్మిది రోజులు ఆమె మంచం వైపు సరిగ్గా చూసినవాళ్లు లేరు. ఆమె బతికింది. లేచి, తన సంచీ తనే పట్టుకుని, పోతూ పోతూ నా దగ్గరికి వచ్చి దండం పెట్టింది.

“నా దగ్గర ఏమీ ఆశించనిది మీరేనయ్యా,” అంది.

నేను ఆమె వెళ్లిందాకా తల ఎత్తలేదు. మా లెక్క తప్పుతుందని ఆ రోజు తెలిసింది. ఆమె లాగే బతకాల్సినవాళ్లు ఎంతమంది ఆ తొమ్మిది రోజులు దాటలేకపోయారో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆఖరి పేజీకి వచ్చాం. కింద కూర్చుని చదువు.

పైన కులాసా అని రాసిన మాటను కొట్టేద్దామని రెండుసార్లు అనుకున్నాను, చెయ్యి రాలేదు. మీ అమ్మ పదహారు రోజులుగా మా ఆస్పత్రిలోనే ఉంది. ఆడవాళ్ల సర్జరీ వార్డు, కిటికీ పక్క మంచం. కడుపులో గడ్డ. నొప్పిని ఎన్ని నెలలుగా దాచిందో నాకు కూడా చెప్పడం లేదు. కుడి చేతికి సెలైను సూది ఉంది, అందుకే నీకు రాయలేదు. గురువారం ఆపరేషను. పరీక్షలు అయ్యేదాకా నీకు తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. నిన్నటితో అయిపోయాయి కదా, మాట తప్పినట్టు కాదు. హాస్టలుకు ఫోను చేస్తే వార్డెను గదిలో నలుగురి మధ్య నిలబడి వినాలి నువ్వు. అందుకని ఇలా రాస్తున్నాను, పోస్టులో వేస్తే గురువారం లోపు అందదని డ్రైవరు చేత పంపుతున్నాను.

మొదట్లో మీ అమ్మ మంచం చుట్టూ తిరనాళ్లే. ఆయాలు, వాచ్‌మన్, ఊడ్చేవాళ్లు, అందరికీ వదినే. కొత్త దుప్పటి, పక్కన స్టూలు, ఫ్లాస్కులో టీ. మీ అమ్మ కూడా తక్కువదా, ‘మీ అన్న ఊళ్లో అందరినీ తోశాడు, నన్ను ఒక్కసారి బండెక్కించాడా? ఇన్నాళ్లకు మోజు తీరబోతోంది’ అని నవ్వించేది.

శనివారం పొద్దున్న గురువారం లిస్టు అంటించారు. నాలుగు పేర్లు. మీ అమ్మది నాలుగోది. రక్తం ఆరు సీసాలు చెప్పారు. మధ్యాహ్నం పెద్ద డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. మంచి మనిషి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ ముప్పై ఏళ్లలో ఆయన గదిలో కుర్చీ ఎక్కడం అదే మొదలు.

“మా ప్రయత్నం మేం చేస్తాం. ఇంకెవరైనా ఉన్నారా?” అని అడిగాడు.

“కూతురుంది సార్. నర్సింగు చదువుతోంది.”

“పిలిపించండి. ఒకసారి చూసి వెళ్తుంది.”

ఇవతలికి వచ్చి ఏం చేశానో తెలుసా? ఓపీ గోడ దగ్గర, ఆ బోర్డు కిందే నిలబడి జేబు తడుముకున్నాను. ముందు ఆయా దగ్గరికి వెళ్లాను. “ఛ, అదేంటన్నా, మనలో మనకేంటి?” అని నా చెయ్యి నెట్టేసింది. నిజమే, సొంత మనిషి దగ్గర తీసుకోరు. ఎవరైనా ఆ మాటే అంటారు. కానీ అదే ఆయా పోయిన ఏడు కట్లు కట్టేవాడి అక్క దగ్గర చీర తీసుకుంది. కట్లు కట్టేవాడి దగ్గరికి వెళ్తే నన్ను చూసి గాజుగుడ్డ కట్ట వెతకడానికి స్టోరు గదిలోకి వెళ్లాడు, మళ్లీ బయటికి రాలేదు. ఆ రోజు నుంచి మీ అమ్మ మంచం దగ్గర స్టూలు ఖాళీగానే ఉంటోంది. నిన్న సెలైను అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే నేనే వెళ్లి సిస్టరును పిలుచుకొచ్చాను. ఆమె వచ్చింది, మార్చింది, నా వైపు చూడలేదు.

ఇవాళ పొద్దున్న థియేటరు వెనక కుళాయి దగ్గర తక్కెడ రబ్బరు షీట్లు కడుగుతున్నాడు. నోటు వాడి ముందు పెట్టాను.

“తీసుకోరా.”

“వద్దన్నా.”

“మీ అన్న దగ్గరే తీసుకున్నావు కదరా!”

“చేతులు తడిగా ఉన్నాయన్నా.”

ఆరేదాకా నిలబడ్డాను. వాడు తువ్వాలుతో తుడుచుకున్నాడు, వేలు వేలునా తుడుచుకున్నాడు. నేను మళ్లీ చెయ్యి చాపాను. వాడు వంగి, కడిగి ఆరేసిన షీటే మళ్లీ తీసి కుళాయి కింద పెట్టాడు.

“నిజం చెప్పరా, వదిన సంగతి ఏమన్నా విన్నావా?”

“నాకేం తెలుసన్నా? నేనేమన్నా డాక్టర్నా?” అన్నాడు. నీళ్ల చప్పుడులో ఇంకేదో కూడా అన్నాడు, నాకు వినపడలేదు. అడగలేదు కూడా.

సొంతవాడినని తీసుకోవడం లేదా, లేక నేను నేర్పిన నియమమా, ఎవరు చెబుతారు నాకు? వాళ్ల ముఖాల్లో ఎంత ప్రేమ ఉందో. ఆ ప్రేమ చూస్తేనే నాకు భయం. తీసుకున్నవాళ్లే లేరు గనక ఆ దర్జీ అడిగిన మాట అడగడానికి కూడా నాకు దారి లేదు.

మీ అమ్మకు ఆ నియమం తెలుసు. పెట్టిన కొత్తలో నేనే గొప్పగా చెప్పుకున్నాను. మధ్యాహ్నం కిటికీ వైపు తిరిగి పడుకుని అడిగింది.

“ఏమయ్యా, తక్కెడకి ఇచ్చావా?”

“ఇచ్చాను.”

“తీసుకున్నాడా?”

ఎంతిచ్చావని అడగలేదు చూడు. ఇటు తిరిగి నా మొహమే చూస్తోంది.

“తీసుకోకేం? ఇంకా కావాలన్నాడు సిగ్గులేని వెధవ. ఆయా కూడా లాక్కుంది. అందరూ కలిసి నన్ను ఒలిచేశారు.”

ఇన్నాళ్ల తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని మరీ నవ్వింది. “వాడంతే. పిండి కొద్దీ రొట్టె. ఏడుస్తావెందుకు, ఇంకొంచెం వాడి మొహాన కొట్టు,” అంది. పాలల్లో ముంచి ఒక బ్రెడ్డు ముక్క పూర్తిగా తిన్నది. ఏడుస్తూ ఇచ్చిన డబ్బు అరగదన్న మనిషి, నేను ఇచ్చానని విని హాయిగా నిద్రపోయింది. నేను ఆ ఖాళీ స్టూలు మీద కూర్చుని నీకు రాస్తున్నాను. డబ్బంతా చొక్కా జేబులోనే ఉంది.

బుధవారం పొద్దుటి బస్సుకే బయలుదేరు. నీ తెల్ల బట్టల్లోనే రా. వచ్చి ఈ స్టూలు మీద కూర్చో, ఎవరు లేవమన్నా లేవకు. సీసా చూడు, గొట్టం చూడు, పిలిస్తే రాకపోతే అరిచి పిలువు, నీ తండ్రి పరువు పోతుందని చూడకు. మేం చూడటం మానేసిన చోట నువ్వు చూడాలి. మా లెక్క ఒకసారి తప్పింది, మళ్లీ తప్పొచ్చు. గురువారం స్ట్రెచర్ నేనే తోస్తాను. నేను మెల్లగా తోస్తున్నాననిపిస్తే వెనక నుంచి కేకెయ్యి.

ఈ ఉత్తరం సాయంత్రం బస్సులో తెచ్చే డ్రైవరుకు పొద్దున్నే బస్టాండుకు వెళ్లి డబ్బులిచ్చి వచ్చాను. వాడు తీసుకున్నాడమ్మా. చూసుకుని, జేబులో పెట్టుకుని, బొత్తాం కూడా పెట్టుకున్నాడు. ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఉత్తరం నీకు తప్పకుండా చేరుతుంది.

అమ్మ అడిగితే తక్కెడ తీసుకున్నాడనే చెప్పు. ఖర్చులకని ఎవరి దగ్గరా చేబదులు అడగకు, డబ్బేమీ తేవద్దు. ఇక్కడ ఎవరూ తీసుకోవడం లేదు.

ఇట్లు,
నీ రాక కోసం వార్డు గుమ్మంలో ఉండే
మీ నాన్న